ఏప్రన్ పేరెత్తితే మోగే మెషీన్

నేను కాలేజీ నుంచి వచ్చేసరికి గొడవ సగం దాటిపోయింది. నానమ్మ తన పళ్ళెం పట్టుకెళ్ళి కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని తింటోంది. అంటే భోజనాల బల్లని ఆవిడ బహిష్కరించిందన్నమాట. నాన్న బల్లకి ఆ చివర, అమ్మ ఈ చివర ఉన్నారు. ఇద్దరి మధ్యా, ఉప్పు డబ్బాకీ మంచినీళ్ళ జగ్గుకీ నడుమ, పిన్ని లాండ్రీ నుంచి తెచ్చిన, బట్టలకి ట్యాగులు అచ్చువేసే ప్రింటర్ దర్జాగా కూర్చుంది.

నానమ్మ వాదన సూటిగా ఉంది. తినే చోట తినాలి, యంత్రాలు పెట్టుకునే చోట యంత్రాలు పెట్టుకోవాలి. పైగా ఇది నోరు మూసుకుని కూర్చునే రకం కాదు. ఆవిడ సూప్ చెంచా నోటిదాకా తెచ్చుకున్న క్షణం చూసుకుని మరీ కీచుమని మోగింది. చెంచాలో ఉన్నదంతా ఒళ్ళో పడింది. అమ్మ వాదనా సూటిగానే ఉంది. ఇంట్లో తీగ అందే ప్లగ్గు బల్ల పక్కన తప్ప ఇంకెక్కడా లేదు, ఆదివారం లోపల దానికి తను రాసే ప్రోగ్రాం పూర్తవ్వాలి. నాన్న మాత్రం ఎటూ తేల్చకుండా, ప్రింటర్ని ఫ్రిజ్ మీదకి ఎక్కిద్దాం, పొడుగు తీగ నేను కొనుక్కొస్తాను అన్నాడు. ఆ తీగ ఆయన కొనుక్కొస్తాననడం మేము వారం రోజులుగా వింటున్నాం.

"సూప్ ఒలికిందని కాదు నా బాధ," అంది నానమ్మ, కిటికీతో చెబుతున్నట్టు. "అదెందుకు మోగిందో చెప్పమను. ఎవరో పిలిస్తే పలకాలి, లేకపోతే ఊరుకోవాలి. ఊరికే మోగడమేమిటి?"

"ఊరికే మోగలేదు అత్తయ్యా. నేనే మోగమన్నాను," అంది అమ్మ.

ఈ మాటతో గొడవ తగ్గాల్సింది పోయి పెరిగింది. కోడలే కావాలని తన సూప్ ఒలకబోయించిందని నానమ్మ మూతి ముడిచింది. అమ్మ కుర్చీ జరుపుకుని స్టూలు దగ్గరకి వెళ్ళి కూర్చుని, ఓపిగ్గా మొదలుపెట్టింది. ప్రింటర్‌కి మనం పంపేది అక్షరాల దండ లాంటిదనీ, క్లాసులో దాన్ని స్ట్రింగ్ అంటారనీ, ఆ దండలో కొన్ని పూసలు కాగితం మీద కనబడతాయనీ, కొన్ని కనబడవనీ చెప్పింది. కనబడనివి పనులు చెబుతాయి. కింది లైనుకి దిగు, కాస్త పక్కకి జరుగు, ఒక అక్షరం వెనక్కి వెళ్ళు, కాగితం కోసెయ్, మోగు, ఇలాంటివి. కంటికి కనబడనివాటిని మనం రాయలేం కనక, వాటికి గుర్తుగా బ్యాక్‌స్లాష్ అనే వెనక్కి వాలిన గీత గీసి, పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం పెడతాం. గీత పక్కన ఎన్ ఉంటే కింది లైను. గీత పక్కన ఎఫ్ ఉంటే ట్యాగు అయిపోయింది, కోసెయ్యమని. గీత పక్కన ఏ ఉంటే మోగమని. ట్యాగు సిద్ధమైందని పిన్నికి వినబడడం కోసం ఆ మోతని పెట్టి చూస్తోంది.

"మరి నాకు ఆ గీతే అచ్చు కావాలనుకో?" అన్నాడు నాన్న, ఇదేదో తనకి తట్టిన గొప్ప చిక్కులాగా.

"రెండుసార్లు గీస్తే ఒకటి పడుతుంది. మొదటిది రెండోదాన్ని కాపాడుతుందన్నమాట."

నానమ్మ పళ్ళెం పక్కన పెట్టింది. ఆవిడకి ఏదో గుర్తొచ్చిందని ఆ పెట్టడంలోనే తెలిసిపోయింది. మా తాతయ్య బస్సు డిపోలో రిటైరైన రోజున ఆయన మాట్లాడాల్సిన నాలుగు ముక్కలూ డిపో గుమాస్తా రాసిపెట్టాడట. తాతయ్యకి సభలో నిలబడడం అదే మొదలూ, అదే ఆఖరూ. కాగితం తీసి, ఎక్కడా తడబడకుండా, ఇన్నేళ్ళూ నన్ను భరించిన మీకందరికీ నా కృతజ్ఞతలు, ఇక్కడ కాసేపు ఆగాలి, మిమ్మల్ని వదిలి వెళ్ళాలంటే, ఇక్కడ గొంతు కొంచెం వణకాలి, అని మొత్తం చదివేశారట. హాలంతా ఒకటే నవ్వు. డ్రైవర్లు బల్లలు చరిచారట. నానమ్మ మాత్రం ఆ సభ అయ్యేదాకా తన కాలి వేళ్ళు చూసుకుంటూ కూర్చుందట.

"అదే అత్తయ్యా," అంది అమ్మ, ఆవిడ మోకాలి మీద చెయ్యేసి. "చదవాల్సినవేవో, చెయ్యాల్సినవేవో తెలియాలి కదా. మీకు ఒక్కసారికే అర్థమైపోయింది. నాకు మూడు క్లాసులు పట్టింది."

నానమ్మ తన పళ్ళెం తీసుకుని తిరిగి బల్ల దగ్గరకి వచ్చి కూర్చుంది. ప్రింటర్ని మాత్రం ఒక జానెడు అవతలికి జరిపింది.

మా అమ్మ పగలంతా ఒక పళ్ళ డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్లు చూస్తుంది. నేను కాలేజీలో చేరాక తనకి సాయంత్రాలు ఖాళీ అయ్యాయని, లైబ్రరీ పై అంతస్తులో నడిచే కంప్యూటర్ క్లాసుకి వెళ్ళడం మొదలుపెట్టింది. క్లాసులో అందరికన్నా పెద్దది తనే. మొదట్లో అక్కడి పిల్లలు ఆంటీ, ఆంటీ అని తప్పుకుని చోటిచ్చేవారు. తర్వాత్తర్వాత ఆంటీ, నాది ఎందుకు పనిచెయ్యట్లేదో చూడండి అని చుట్టూ చేరడం మొదలైంది. ఒకరి తప్పు వెతికేటప్పుడు అమ్మకి ఎక్కడ లేని నిదానమూ వస్తుంది. అది మా ఇంట్లో మా తప్పులకి మాత్రం వర్తించదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక, ఆరిన దుప్పట్లు మడతపెడుతూ, దుప్పటి ఆ కొస నేను పట్టుకుని దగ్గరకి వచ్చినప్పుడల్లా ఒక్కొక్క ముక్క చొప్పున అమ్మ నాకు అసలు సంగతి చెప్పింది. క్లాసు మాస్టారు పై బ్యాచ్ తీసుకుంటున్నాడట. కొత్తగా చేరేవాళ్ళకి నువ్వు చెబుతావా అని అమ్మని అడిగాడట. వచ్చే శనివారం లోపల ఏ సంగతీ తేల్చి చెప్పమన్నాడట. ఇంకా ఎవరితోనూ అనలేదంది.

ఒప్పుకోక ఆలోచన దేనికన్నాను నేను.

"పిన్ని షాపులో ఇది సరిగ్గా నడిస్తే ఒప్పుకుంటాను," అంది అమ్మ. "క్లాసులో మాస్టారు ఇచ్చిన లెక్కలు ఎవరైనా చేస్తారు. నా అంతట నేను రాసింది, నేను పక్కన లేకుండా, ఇంకొకరి చేతిలో నడవాలి. అది కూడా నడిపించలేనిదాన్ని, పదిమంది ముందు నిలబడి ఏం చెప్తాను?"

నేను దుప్పటి కొస ఆమె చేతికిచ్చాను. నాకు కంప్యూటర్ల సంగతి తెలియదు, నేను చదివేది చరిత్ర. కానీ ఆ ఉద్యోగం అమ్మకి ఎంత కావాలో ఆ మడతపెట్టిన దుప్పటి చూస్తే తెలిసింది. అంచుకి అంచు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంది.

పిన్ని లాండ్రీ మా వీధికి రెండు మలుపుల అవతల. ముందు గదిలో కౌంటరూ, దాని వెనక ఇనప కమ్మీకి వేలాడే కోట్లూ, గౌన్లూ. లోపలి గదిలో వాషింగ్ మెషీన్లు, ఇస్త్రీ బల్లలు. ఎప్పుడు వెళ్ళినా ఆవిరీ, సబ్బూ, వేడెక్కిన నూలూ కలిసిన వాసన. అంతవరకూ పిన్ని ట్యాగుల్ని చేత్తో రాసి బట్టలకి గుచ్చేది. ఉతికేసరికి సగం సిరా కరిగిపోయి, ఎవరి కోటు ఎవరిదో పోల్చుకోవడానికి తల ప్రాణం తోకకొచ్చేది. ఒకసారి ఒక ప్లీడరుగారికి పెళ్ళికూతురి గౌను పంపించింది. ఆయన దాన్ని తిరిగివ్వడానికి తనే స్వయంగా వచ్చి, సైజు సరిపోలేదండీ అన్నాడట. ఆ సంగతి విన్నాకే అమ్మ, తడిసినా చెదరని ట్యాగులు అచ్చు వేసే ప్రోగ్రాం నేను రాసిపెడతానంది.

ఆదివారం షాపు మూసి ఉన్నప్పుడు వెళ్ళి అంతా అమర్చింది. ట్యాగు ఎలా ఉండాలో చెప్పే వాక్యం ఒకటి ప్రోగ్రాంలో పైన విడిగా ఉంచింది. పేరు, గీత ఎన్, బట్టలు, గీత ఎఫ్, అని. పిన్ని తర్వాతెప్పుడైనా బట్టల పేర్లు పైనా, మనిషి పేరు కిందా కావాలనుకుంటే ఆ ఒక్క వాక్యం మార్చుకుంటే చాలు. అమ్మ కౌంటర్ దగ్గర నిలబడి కోటు, కామా, ఏప్రన్ అని కొట్టింది. చక్కటి ట్యాగు వచ్చింది. మోత పెట్టడం మాత్రం మానేసింది, నానమ్మ ఒళ్ళో పడ్డ సూప్‌కి గౌరవంగా. ఇంటికి వస్తూ దారంతా ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది.

సోమవారం పళ్ళ డాక్టర్ దగ్గరికే పిన్ని ఫోన్ చేసింది. ఏప్రన్లొస్తే మెషీన్ మోగుతోందట.

అమ్మ ఇంటికి వచ్చి మాతో చెబుతూ తనే నమ్మలేకపోయింది. మోగమనే మాట ప్రోగ్రాంలో ఎక్కడా లేదు. కానీ పిన్ని ఒట్టేసి చెబుతోంది, పక్కవీధి కాఫీ హోటల్ వాళ్ళ మూట విప్పి ఏప్రన్ అని కొట్టిందో లేదో కీచుమంటోందని. మంగళవారం ఇంకో కబురు. చిన్నపిల్లల గౌన్లకి ట్యాగు మధ్యలో తెగిపోతోంది. సగం ఒకచోటా సగం ఒకచోటా. తువ్వాళ్ళకి మధ్యలో గజం ఖాళీ వదులుతోంది. స్కార్ఫులకి మాత్రం ఏ గొడవా లేదు, మేజోళ్ళకీ లేదు. పిన్ని తేల్చిందేమిటంటే, మెషీన్‌కి ఏప్రన్లంటే బొత్తిగా పడదు, గౌన్లంటే కోపం, స్కార్ఫులంటే ప్రాణం. ఆ పాడైన ట్యాగుల్ని అక్కడికక్కడే చింపేసి మళ్ళీ చేత్తో రాసుకుంటోంది.

ఇదంతా ఫోన్లోనే. అమ్మ పని అయ్యేసరికి లాండ్రీ మూసేస్తారు, ఆ తర్వాత క్లాసు. బుధవారం పిన్ని ప్రింటర్ని సంచిలో వేసుకుని మా ఇంటికే తెచ్చి పడేసింది. మళ్ళీ అది భోజనాల బల్ల ఎక్కింది. ఈసారి నానమ్మ తనే ఉప్పు డబ్బా తీసి దానికి చోటిచ్చింది. అమ్మ కోటు, కామా, ఏప్రన్ అని కొట్టింది. నోరెత్తకుండా ట్యాగు వచ్చింది. గౌను అని కొట్టింది, తువ్వాలు అని కొట్టింది. అన్నీ బుద్ధిగా వచ్చాయి.

"మీ ఇంట్లో ఇది ఇంత మర్యాదగా ఉంటుందేమిటి బావా," అంది పిన్ని నాన్నతో. "అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలాగా."

"మా ఇంట్లో ఎవరైనా అంతే మరదలా. నోరెత్తే ధైర్యం ఎవరికుంది," అన్నాడు నాన్న, అమ్మ వైపు ఓరగా చూస్తూ.

అమ్మ నవ్వలేదు. తీగ వదులైందేమోనని చూసింది. ప్రింటర్ని తిరగేసి దుమ్ము దులిపింది. నాన్న కుట్టుమిషన్ నూనె చుక్క వేద్దామని సీసా పట్టుకొస్తే కసిరింది. ప్రోగ్రాం మొత్తం పైనించి కిందికి, కిందినించి పైకి చదివింది. తప్పు ఉంటే దొరుకుతుంది, లేనిచోట ఎలా వెతకను అంది నాతో. పిన్ని ప్రింటర్ని మళ్ళీ సంచిలో వేసుకుని పట్టుకుపోయింది.

గురువారం, శుక్రవారం పిన్ని ఫోన్ చెయ్యలేదు. అందుకు అమ్మకి ఇంకా భయమేసింది. శుక్రవారం సాయంత్రం తనే చేసింది. పిన్ని ఇటు తిప్పీ అటు తిప్పీ, నువ్వేమీ అనుకోకు అక్కా, నాకు చేత్తో రాయడమే అలవాటు, మంచి సిరా పెన్నులు కొత్తగా వచ్చాయట, ఆ మెషీన్ని నువ్వొచ్చి తీసుకుపో అంది. అమ్మ సరేనంది. ఫోన్ పెట్టేసి వంటింట్లో అప్పటికే కడిగేసిన గిన్నెల్ని మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

నేను పక్కన నిలబడి తుడుస్తున్నాను. ఆఖరి గిన్నె నా చేతికిస్తూ, రేపు మాస్టారికి వద్దని చెప్పేస్తానంది. ఏదో నీళ్ళు ఆగిపోయాయని చెప్పినంత మామూలుగా. ముందు పిన్ని దగ్గరకి వెళ్ళొద్దాం, చెప్పేదేదో తర్వాత చెప్పొచ్చు అన్నాను. ఎలాగూ మెషీన్ తెచ్చుకోవాలి కదా, పద, అంది.

శనివారం పొద్దున మేము వెళ్ళేసరికి లాండ్రీలో కాలు పెట్టే చోటు లేదు. రెండు వీధుల అవతలి బడి వాళ్ళు యూనిఫారాలన్నీ ఒకేసారి పంపించారు. మూటల మీద మూటలు. బడి ఆఫీసులో పనిచేసే ఆవిడ కౌంటర్ ముందు నిలబడి, ఏ తరగతివి ఆ తరగతికి విడిగా ట్యాగులు కావాలంటోంది. పిన్ని చేత్తో రాసి రాసి వేళ్ళు నొప్పిపెట్టి, మమ్మల్ని చూసి, పోయేముందు ఒక్కసారి ఇది పనిచేస్తే నీకు పుణ్యముంటుందక్కా అని ప్రింటర్ వైపు తిరిగింది. కంప్యూటర్‌లో బడి పేరు కొట్టి, బట్టల గడిలో షర్టు, యూనిఫారం అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి నొక్కింది.

మోగలేదు. తెగలేదు. అసలు ప్రోగ్రామే ఆగిపోయింది. తెర నిండా ఎర్రటి వరసలు వచ్చాయి.

పిన్ని చేతులు రెండూ పైకెత్తేసింది. "నేనేమీ చెయ్యలేదు. బుజ్జీ, నువ్వు సాక్షి," అంది నాతో.

అమ్మ కౌంటర్ పలక ఎత్తి లోపలికి వెళ్ళి ఆ ఎర్ర వరసలు చదివింది. మామూలుగా అలాంటివి చూస్తే ఎవరికైనా మొహం పాలిపోతుంది. అమ్మ మాత్రం, వారమంతా కనబడకుండా తిరిగిన దొంగ తనంతట తనే వచ్చి తలుపు కొట్టినట్టు చూసింది. చివరి వరసలో యు అనే అక్షరం గురించి ఏదో ఉంది. నా ప్రోగ్రాంలో యు ఎక్కడిది అని తనలో తను అనుకుంది. తర్వాత కౌంటర్ మీద పడున్న చిరిగిన ట్యాగొకటి తీసి చూసింది. దాని మీద ఇంగ్లీషులో కోటు అని ఉంది, దాన్ని అంటుకుని ఏప్రన్ అనే మాట ఉంది, మొదటి ఏ లేకుండా. మోగింది సరే, ఆ ఏ ఎటు పోయింది? దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, పిన్నిని ఇంకొక్కసారి కొట్టమంది, నిదానంగా.

పిన్ని ఒక వేలితో కొడుతుంది. కోడి గింజలు ఏరుకున్నట్టు ఉంటుంది. షర్టు అని కొట్టింది. ఆ తర్వాత ఆ వేలు కింద వరసలో ఉన్న ముందుకి వాలిన గీత దగ్గరకి వెళ్ళబోయి, అలవాటుగా దాన్ని దాటుకుని పైకి వెళ్ళి, వెనక్కి వాలిన గీతని కొట్టింది. తర్వాత యూనిఫారం మొదలుపెట్టింది.

"ఆగు," అంది అమ్మ. "ఇప్పుడేం కొట్టావు?"

"గీత."

"ఏ గీత?"

"షర్టుకీ దానికీ మధ్య గీతక్కా. నేను చేత్తో రాసినా అలాగే రాస్తాను. కిందది పనిచెయ్యదు, చాన్నాళ్ళ కిందట గంజి తాగి కూర్చుంది. నొక్కితే లోపలికి పోతుంది గానీ పైకి రాదు. అందుకని పైదాన్ని వాడతాను. రెండూ గీతలే కదా, ఒకటి ఇటు వాలింది, ఒకటి అటు వాలింది."

అమ్మ ఆ కీని నొక్కి చూసింది. నిజంగానే గంజి పట్టి బిగుసుకుపోయింది. అప్పుడు ఆమె పక్కనున్న మూట మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. పిన్నికి ఏమీ అర్థం కాకపోయినా తనూ నవ్వింది. బడి ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నేనే కాస్త ముందుగా తేరుకుని, ఆవిడ ట్యాగులు చేత్తో రాయడానికి కూర్చున్నాను. చెవులు మాత్రం అటే వేశాను.

అమ్మ పిన్నికి చెప్పింది. వెనక్కి వాలిన గీత పక్కన అక్షరం వస్తే ప్రింటర్‌కి అది పని చెప్పడం. పిన్ని గీత కొట్టి ఏప్రన్ అని రాసినప్పుడల్లా గీతా, ఏ కలిసి మోగమని చెప్పాయి. గౌనుని పిన్ని ఇంగ్లీషులో ఫ్రాక్ అని కొడుతుంది, మొదటి అక్షరం ఎఫ్, కాబట్టి కోసెయ్యమని. తువ్వాలంటే టవల్, మొదటిది టీ, కాబట్టి పక్కకి జరగమని. స్కార్ఫు ఎస్, దానికి పనేమీ లేదు కనక అది బతికిపోయింది. యు వస్తే, ఆ వెనకాల ఏదో ఒక అక్షరం తాలూకు కోడు వస్తుందని ఎదురుచూస్తుంది. అక్కడ కోడుకి బదులు యూనిఫారం వచ్చేసరికి దిక్కుతోచక ఆగిపోయింది.

పిన్నికి ఇదెంత నచ్చిందంటే, వెంటనే ఆగిపోయిన ప్రోగ్రాం మళ్ళీ తెరిపించి, ఒక్కొక్కటీ కొట్టి చూసింది. న్యాప్‌కిన్ అని కొడితే ఆప్‌కిన్ అని కింది లైనులోకి దూకింది. బెడ్‌షీట్ అంటే ఒక అడుగు వెనక్కి వేసి ముందు మాట నెత్తినెక్కింది. ఏప్రన్ అయితే వరసగా మోగించింది. లోపలి నుంచి ఇస్త్రీ మాస్టారు పెట్టె పక్కన పెట్టి, నిప్పంటుకుందేమోనని పరిగెత్తుకొచ్చాడు.

"అయితే తప్పు నాదే," అంది పిన్ని, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ. "పోనీలే అక్కా, ఇకనించీ కామా కొడతాను. కాదంటే కొత్త కీబోర్డు కొనిపడేస్తాను. అయిపోయింది కదా."

నాకు కూడా అయిపోయిందనే అనిపించింది. అమ్మ మాత్రం తలూపలేదు.

"నువ్వేమీ మార్చుకోవద్దు," అంది. "నీకు ఎలా తోస్తే అలాగే కొట్టు. బట్టలు రాసుకోమని గడి ఇచ్చినదాన్ని నేను. అందులో నువ్వు ఏం రాసినా అది బట్టల పేరే. దాన్ని పనిగా చదివింది నా ప్రోగ్రాం, నువ్వు కాదు. ఇవాళ నువ్వు కామా కొడితే, రేపు ఇంకెవరో ఇంకేదో కొడతారు. అందరినీ నా కోసం మారమంటానా?"

స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె చేసిన పొరపాటు ఏమిటో, వేళ్ళు కదులుతుండగానే మాకు చెప్పింది. ట్యాగు ఎలా ఉండాలో చెప్పే తన వాక్యంలో ముందుగా పిన్ని రాసిన మాటల్ని కలిపేసి, ఆ తర్వాత మొత్తాన్నీ చదివి గీతల ప్రకారం పనులు చెయ్యమంది. ఒకసారి కలిసిపోయాక ఏ గీత అమ్మదో, ఏ గీత పిన్నిదో యంత్రానికి ఎలా తెలుస్తుంది? అందుకని ముందు తన వాక్యంలో ఉన్న గీతల్ని పనులుగా విప్పించెయ్యాలి. అదంతా అయ్యాక, చివర్లో పిన్ని మాటల్ని తెచ్చి వాటి చోట పెట్టాలి. ఇక వాటిని ముట్టుకోకూడదు. ఎలా ఉన్నవి అలా అచ్చు వెయ్యాలి.

అంత మాటా చెప్పింది గానీ, చేసింది మాత్రం కింద ఉన్న వరసని పైకీ, పైదాన్ని కిందికీ మార్చడమే. వారం రోజులు నిద్ర లేకుండా చేసింది ఆ రెండు వరసల వరసేనా అని నాకు కాస్త కోపం కూడా వచ్చింది.

షర్టు, వెనక్కి వాలిన గీత, యూనిఫారం. పిన్ని ఒక వేలితో కొట్టి, కళ్ళు మూసుకుని నొక్కింది. ట్యాగు బయటికి వచ్చింది. బడి పేరు పైన, కింద షర్టు, యూనిఫారం, మధ్యలో ఆ గీత, అది వాలిన వైపే వాలి. ఏప్రన్ కొడితే మోగలేదు. గౌను తెగలేదు. అమ్మకి అది చాలలేదు. నీకు తోచిన పిచ్చి రాతలన్నీ రాయి అని పిన్నిని ఉసిగొల్పింది. పిన్ని గీత మీద గీత కొట్టింది, కొటేషన్లు కొట్టింది, ప్లీడరుగారి గౌను అని కొట్టి దాని చుట్టూ గీతలు బారులు తీర్చింది. బడి ఆవిడ కూడా కౌంటర్ మీదికి వంగి, మా హెడ్మాస్టర్ సంతకం పెట్టినట్టు కొట్టండి అని వంకర టింకర గీతలు చెప్పింది. కొట్టినవన్నీ కొట్టినట్టే వచ్చాయి. పిన్ని కొత్తగా కొన్న సిరా పెన్నుల పొట్లం తీసుకెళ్ళి లోపల ఇస్త్రీ మాస్టారికి ఇచ్చేసింది, లెక్కలు రాసుకోమని.

ఆ తర్వాత రెండు గంటలు ముగ్గురం మూటలు విప్పడం, ట్యాగులు గుచ్చడం. అమ్మ కంప్యూటర్ దగ్గర కూర్చోలేదు. పిన్నినే కూర్చోబెట్టి, తను దూరంగా కమ్మీ దగ్గర నిలబడి కోట్లు సర్దింది. ప్రింటర్ చప్పుడు చేసినప్పుడల్లా తల తిప్పి చూస్తుందేమోనని గమనించాను. మొదట్లో చూసింది. తర్వాత మానేసింది. మధ్యలో ఒకసారి వెనక వాకిట్లోకి వెళ్ళి, ఆరేసిన దుప్పట్ల మధ్య నిలబడి ఎవరికో ఫోన్ చేసి వచ్చింది. దుప్పట్లు గాలికి ఊగుతుంటే ఆమె చెప్పులు మాత్రమే కనిపించాయి. మాట్లాడుతున్నంతసేపూ ఒక పాదం అటూ ఇటూ ఊగుతూనే ఉంది.

మధ్యాహ్నం షాపు మూసి పిన్ని మాతోపాటే భోజనానికి వచ్చింది. జరిగిందంతా తనే చెబుతానని మమ్మల్ని నోరెత్తనివ్వలేదు. బల్ల దగ్గర నిలబడి, తనే ప్రింటరై మోగింది, తనే ట్యాగై మధ్యలో తెగింది. నాన్న పొలమారి నీళ్ళు తాగాడు. రెండూ గీతలే కదా, ఇందులో మా మరదలి తప్పేముంది, అని వత్తాసు పలికాడు. నానమ్మకి ఆ ఆగిపోవడం దగ్గర జాలి వేసింది. పాపం అది యు తర్వాత ఏదో వస్తుందని ఎదురుచూస్తే, ఎంతసేపని చూస్తుంది, అది ఆగిపోవడంలో తప్పులేదంది. ఈ మాటకి పిన్ని, అత్తయ్యగారు మెషీన్ పక్షం చేరిపోయారని గోల చేసింది.

అమ్మ అందరికీ వడ్డించి, ఆఖరున తన పళ్ళెంలో పెట్టుకుని కూర్చుంది. నవ్వులు ఇంకా పూర్తిగా ఆగలేదు. నాన్న రొట్టెల పళ్ళెం అందుకుంటున్నాడు. నేను అమ్మ వైపే చూస్తున్నాను. నాకు చెబుతున్నట్టు కాకుండా, అందరి మధ్యనున్న బల్లకి చెబుతున్నట్టు, గొంతు పెంచకుండా అంది.

"సోమవారం నుంచి నేను సాయంత్రాలు క్లాసుకి వెళ్ళేది నేర్చుకోడానికి కాదు, చెప్పడానికి. కొత్తగా చేరేవాళ్ళని నాకిస్తామన్నారు. సరేనని ఇందాకే ఫోన్లో చెప్పేశాను. ఇకనించీ తొమ్మిదయితే గానీ ఇల్లు చేరను. రాత్రి వంట ఏ రోజు ఎవరిదో మీ ముగ్గురూ అనుకుని నాకు చెప్పండి."